బీబీ అడిగిన నిప్పు

మొంబాసా నేనెప్పుడూ చూడలేదు. ఆఫ్రికా ఖండం మీదే కాలు పెట్టలేదు. అయినా ఆ ఊరి పాతపేటలో ఒక సందు ఉంది, అందులో కళ్లు మూసుకుని నడవగలను. సముద్రం వైపు నుంచి వస్తే ఎడమచేతి మొదటి ఇల్లు కుట్టుమిషను ఆయనది. రెండో ఇంటి తలుపు మీద పువ్వులు చెక్కి ఉంటాయి. మూడో ఇంటి అరుగు మీద పిల్లులు పడుకుని ఉంటాయి, వాటిని లేపకుండా పక్కనుంచి వెళ్లాలి. ఇదంతా నాకు బ్రిటన్‌లో, వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో ఒక ఆసుపత్రి వార్డులో, కిటికీ బయట వాన పడుతుండగా, ఒక ముసలావిడ చెప్పింది.

ఈ ఉద్యోగాల్లోకి కొత్తగా వచ్చిన మన పిల్లలు అప్పుడప్పుడూ అడుగుతుంటారు, ఇన్నేళ్లలో మీకు బాగా గుర్తుండిపోయిన పేషెంటు ఎవరు ఆంటీ అని. లేవలేని మనిషిని లేపి నడిపించిన కథ ఏదో చెబుతానని వాళ్ల ఆశ. అలాంటివీ ఉన్నాయి, కానీ అవి నాకు నిద్రలో కూడా గుర్తు రావు. గుర్తొచ్చేది నేను రాసిన ఒక వాక్యం. మంచి ఇంగ్లీషులో, ఒక్క తప్పు లేకుండా రాసిన వాక్యం. అది రాసినందుకు నాకు నేనే భుజం తట్టుకున్నాను కూడా.

నా పని ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఆక్యుపేషనల్ థెరపిస్ట్ అంటారు. విరిగిన ఎముక అతికించడం డాక్టర్ల పని. ఆ మనిషి ఇంటికెళ్లి మంచం మీంచి తనంతట తాను లేవగలదా, స్నానం చేయగలదా, పొయ్యి కట్టేయడం మర్చిపోతుందా, ఇవన్నీ చూసి కాగితం మీద పెట్టడం నా పని. ఆ కాగితాన్ని బట్టి కొందరు ఇంటికి వెళతారు, కొందరు ముసలివాళ్లని చూసుకునే కేర్‌హోమ్‌కి వెళతారు. పెన్ను చిన్నదే కానీ దాని బరువు ఎక్కువ. ఇరవై ఏళ్లు చేశాక ఆ బరువు చేతికి తెలియడం మానేస్తుంది, అదే ప్రమాదం.

అది రెండువేల పదమూడో పద్నాలుగో, చలికాలం. తుంటి ఎముక విరిగిన ఒకావిడ ఆపరేషన్ అయ్యాక మా వార్డుకి వచ్చింది. ఎనభై దాటిన మనిషి, గుప్పెడంత ఉండేది. కాఫీ రంగు ముఖం, రంగురంగుల గుడ్డ ఒకటి నడుముకి, ఇంకొకటి తల మీద. వీధిలో ఒక్కతే, కోటు లేకుండా, మంచు గడ్డకట్టిన పేవ్‌మెంటు మీద జారిపడి దొరికిందట. పాతికేళ్ల కింద కూతురి దగ్గరకు మొంబాసా నుంచి వచ్చింది. మతిమరుపు జబ్బు ముదిరి, నేర్చుకున్న నాలుగు ఇంగ్లీషు ముక్కలూ పోయాయి, స్వాహిలీ ఒక్కటే మిగిలింది. వాళ్ల భాషలో పెద్దావిడని బీబీ అంటారట. వార్డంతా ఆవిడ బీబీయే అయిపోయింది.

మా వార్డులో కెన్యా నుంచి వచ్చిన ఒక హెల్త్‌కేర్ అసిస్టెంట్ ఉండేవాడు. యాభై ఏళ్ల మనిషి, తలుపులో పట్టనంత ఆకారం, చీమకి కూడా దారిచ్చే రకం. వాళ్లది లోపలి కొండ ప్రాంతం. సముద్రం ఒడ్డు వాళ్ల స్వాహిలీ పంచదార పాకంలా ఉంటుందని, బీబీ మాట్లాడితే పని ఆపి వినేవాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అతని డ్యూటీలో పావుగంట దొరికితే నాకు దుబాసీగా కూర్చోబెట్టుకునేదాన్ని. ఆ పావుగంట అరగంట అయ్యేది, సిస్టర్ చూసీ చూడనట్టు ఊరుకునేది.

బీబీకి జ్ఞాపకం లేదని ఫైల్లో ఉంది. నిజమే, పొద్దున ఏం తిన్నదో తెలియదు, నేనెవరో ఏ రోజుకారోజు కొత్తే. కానీ ఆ సందు మాత్రం చెక్కుచెదరలేదు. తెల్లవారగానే ఒకావిడ అరుగు మీద మూకుడు పెట్టి, కొబ్బరిపాలు, ఏలకులు కలిపిన పిండిని నూనెలో పొంగిస్తుంది. పిల్లలు గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడతారు. కొబ్బరి కోరే పీట మీద కూర్చుంటే మోకాళ్ల కింద తెల్లగా కుప్ప పడుతుంది. ఎండ నడినెత్తికొచ్చే వేళకి సందు మొత్తం తలుపులు మూసుకుని నిద్రపోతుంది, అప్పుడు మెలకువగా ఉండేది సముద్రం మీంచి వచ్చే గాలి ఒక్కటే. మధ్యాహ్నం తిరిగాక కాఫీ అమ్మే ఆయన చేతిలో కప్పులు గలగలలాడిస్తూ వస్తాడు, ఆ చప్పుడుకి తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటాయి. సాయంత్రం మల్లెపూలొస్తాయి. మగవాళ్లు ఈ వైపు అరుగుల మీద, ఆడవాళ్లు లోపలి వసారాల్లో, అందరూ అందరి గురించీ మాట్లాడుకుంటారు.

బందరులో పుట్టిన నాకు ఇందులో అర్థం కానిది ఏముంది. అరుగులు, కొబ్బరి కోరు, ఉప్పుగాలి, మల్లెపూలు, ఊళ్లో వాళ్ల మీద చాడీలు. అతను స్వాహిలీ నుంచి ఇంగ్లీషులోకి చెబుతుంటే నేను లోపల తెలుగులో వింటూ ఉండేదాన్ని. కిటికీ బయట వేల్స్ వాన కురుస్తూనే ఉండేది. లోపల మేం ముగ్గురం ఎండలో కూర్చున్నట్టు ఉండేది. ఒకసారి ఫోను మోగితే ఉలిక్కిపడి, ఇదేమిటి, ఈ సందులోకి ఫోను ఎలా వచ్చిందని ఒక్క క్షణం అనుకున్నాను. నవ్వకండి, నిజంగానే అనుకున్నాను.

అంతా బాగానే ఉంది కానీ, నాలుగయ్యేసరికి బీబీ మారిపోయేది. గడియారం చూసి కాదు, వెలుతురు చూసి పసిగట్టేదేమో. చేతికర్ర ఒక చేత్తో, టీ సాసర్ ఇంకో చేత్తో పట్టుకుని బయల్దేరేది. పక్క మంచం దగ్గరకు వెళ్లి సాసర్ చాపి ఏదో అడిగేది. ఆవిడ ఇవ్వకపోతే తరువాతి మంచం. గదులుంటే తలుపు తట్టి, జవాబు రాకముందే లోపలికి వెళ్లేది. కెన్యా ఆయనని అడిగితే, నిప్పు అడుగుతోంది, కాస్త నిప్పు పెట్టమ్మా అంటోంది అన్నాడు. ఒక పేషెంటు భయపడింది. ఆవిడ కొడుకు ఫిర్యాదు రాశాడు.

బీబీ కూతురు ఒక స్కూలు వంటగదిలో పనిచేసేది. యాభై దాటిన మనిషి, ఎప్పుడూ అలసటగా, ఎప్పుడూ మర్యాదగా ఉండేది. తల్లిని ఇంటికి తీసుకెళ్లాలన్నదే ఆమె కోరిక. ఒకరోజు టీ తాగుతూ, మనలో మాటగా నాతో చెప్పింది, ఫ్లాట్‌లో అమ్మ ధూపానికి సువాసన చెక్కముక్కలు బొగ్గుమీద కాలుస్తుందని, ఆ మధ్య పొగకి అలారం మోగి ఫైరింజన్ కూడా వచ్చిందని, అప్పటినుంచి బొగ్గు మానిపించానని. నేను తలూపుతూ విన్నాను. ఆ సాయంత్రమే రిపోర్టులో ఎక్కించాను. నా వాక్యం ఇదీ. ‘ఈమె ధ్యాసంతా నిప్పు మీదే ఉంది, నిప్పు కోసం అపరిచితుల గదుల్లోకి కూడా వెళుతుంది, గతంలో ఇంట్లో ఇటువంటి సంఘటన ఉంది, కనుక ఇంటికి పంపితే అగ్నిప్రమాదానికి అవకాశం చాలా ఎక్కువ.’

ఆ వాక్యం పడ్డాక, ఇంటికి ఆయాల్ని పంపే ఏ కేర్ ఏజెన్సీ ముందుకు రాదు. ఊళ్లో కేర్‌హోమ్‌లు కూడా వెనకాడతాయి. తాళాలు వేసి ఉంచే ఒక హోమ్‌లో మంచం దొరికింది, రెండు బస్సులు మారి వెళ్లాల్సినంత దూరంలో. అక్కడ స్వాహిలీ ముక్క తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. పై వారం డిశ్చార్జి మీటింగ్‌లో ఖాయం చేసేస్తారు. కూతురికి ఆ రిపోర్టు కాపీ వెళ్లింది. మర్నాడు ఆమె నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు.

“మీరూ మాలాంటి వాళ్లే కదా అని చెప్పాను” అంది. అంతే అని వెళ్లిపోయింది.

నాకు కోపం వచ్చింది. తప్పు చేసినవాళ్లకి ముందు వచ్చేది కోపమే. నా బాధ్యత నేను నిర్వర్తించాను, రేపు ఆ బ్లాకులో అరవై ఇళ్లు తగలబడితే ఎవరు జవాబు చెబుతారని క్యాంటీన్‌లో గట్టిగానే అన్నాను. ఎదురుగా ఉన్నది మా వార్డు జూనియర్ డాక్టరమ్మ, వరంగల్లు వైపు అమ్మాయి. వార్డులో మేడం అనేది, క్యాంటీన్‌కి రాగానే ఆంటీ అయిపోయేదాన్ని. ఆ పిల్ల శాండ్‌విచ్ పక్కన పెట్టి మెల్లిగా అడిగింది.

“ఆంటీ, ఒకటి అడుగుత, ఏమనుకోకుండ్రి. అగ్గి కావాలంటే అగ్గిపెట్టె అడగాలె గదా. సాసర్ ఎందుకు పట్టుకపోతది? మా నానమ్మ చెప్పేది, ఎనుకట పక్కింటికి పోయి చిప్పల అగ్గి తెచ్చుకునేటోళ్లట. మీ దిక్కు లేకుండెనా?”

లేకపోవడమేమిటి. కుంపటి ముట్టించాలంటే మా అమ్మ నా చేతికి పిడక ముక్క ఇచ్చి పక్కింటికి తరిమేది. ఆ పక్కింటావిడ తన పొయ్యిలోంచి నిప్పు కణిక తీసి దానిమీద పెట్టి, చేయి కాల్చుకోకే అని మందలించి పంపేది. తలంటు రోజు సాంబ్రాణికి కూడా అంతే. ఏడెనిమిదేళ్ల వయసులో రోజూ చేసిన పని. బీబీ సాసర్ చాపినప్పుడు వార్డు మొత్తంలో అది అర్థం కావలసిన మనిషిని నేను ఒక్కదాన్నే. అర్థం కానిది నాకే. సిగ్గుతో కాదు, వెర్రి కోపంతో ఆ పిల్లతో అన్నాను, “ఉంటే మాత్రం ఏంటమ్మా, ఇది బందరు కాదు కదా.” టీ వదిలేసి వచ్చేశాను.

కానీ ఆ సాసర్ నన్ను వదల్లేదు. మీటింగ్‌కి ముందు పేషెంటుని ఒకసారి ఇంటికి తీసుకెళ్లి చూపించే పద్ధతి మాకు ఉంది. రిపోర్టు అయిపోయింది కనుక అక్కర్లేదు అన్నారు. నేను కావాలన్నాను. కెన్యా ఆయన్ని వెంటబెట్టుకుని, టాక్సీలో బీబీని తీసుకుని వాళ్ల బ్లాక్‌కి వెళ్లాను. నాలుగో అంతస్తు. కూతురు తలుపు తీసింది, నన్ను చూసి పక్కకు తప్పుకుంది తప్ప రమ్మనలేదు.

ఇల్లు శుభ్రంగా ఉంది. షెల్ఫు మీద ధూపం వేసుకునే ఎలక్ట్రిక్ గిన్నె ఒకటి మెరుస్తోంది, అలారం గొడవ తరువాత కూతురు కొన్నది. ప్లగ్ పెట్టి చెక్కముక్క వేస్తే చాలు, మంట లేదు, బొగ్గు లేదు. నా ఫారం తీసి మంచం ఎత్తు, బాత్రూమ్ గుమ్మం కొలుస్తున్నాను. బీబీ సోఫాలో కూర్చుని కిటికీ వైపు చూస్తోంది. వాన వెలిసి వెలుతురు పచ్చబడుతోంది. మూడున్నర దాటి ఉంటుంది. ఆవిడ లేచింది, వంటింట్లోకి వెళ్లి, వెతుక్కోకుండా సరిగ్గా ఒక అర తెరిచి చిన్న మట్టిమూకుడు తీసింది. కర్ర పట్టుకుని గుమ్మం వైపు నడిచింది. కూతురు ఆపబోతే నేను వద్దని చేయి చూపించాను.

బయట వసారా. సిమెంటు నేల, ఎదురెదురుగా నాలుగు తలుపులు. బీబీ ఒక్క క్షణం కూడా తడబడకుండా ఎదుటి తలుపు దగ్గరకు వెళ్లి కర్రతో రెండుసార్లు తట్టింది. తలుపు తెరిచింది డెబ్భై అయిదేళ్ల సొమాలీ ఆవిడ. ఆశ్చర్యపోలేదు. బీబీని పైనుంచి కిందికి చూసి, తన భాషలో ఏదో గొణిగి, లోపలికి వెళ్లి తన ధూపం గిన్నెలోంచి పట్టకారుతో ఒక నిప్పు కణిక తెచ్చింది. గోరంత కణిక, పైన నివురు. దాన్ని బీబీ మూకుడులో పెట్టి, తలుపు బార్లా తెరిచి, ఇద్దరూ గుమ్మంలోనే రెండు స్టూళ్ల మీద కూర్చున్నారు. చిటికెడు ధూపం వేశారు. బీబీ తల మీది గుడ్డ తీసి ఆ పొగకి పట్టింది. వసారా అంతా గుప్పుమంది. ఒకరు స్వాహిలీలో, ఒకరు సొమాలీలో మాట్లాడుకుంటున్నారు. ఒకరి మాట ఒకరికి సగం కూడా అర్థం కాదని తరువాత తెలిసింది.

నేను అక్కడే గోడకి ఆనుకుని నిలబడిపోయాను. ఆ పొగలో వసారా పొడుగు పెరిగినట్టు, తలుపులన్నీ చెక్కడపు తలుపులైనట్టు, ఎక్కడో కప్పులు గలగలలాడుతున్నట్టు అనిపించింది. ఎంతసేపో తెలియదు.  కణిక నల్లబడి ఆరిపోయాక బీబీ గుడ్డ తలకి చుట్టుకుని, లేచి, తన ఇంటికి తను వెళ్లింది.

ఆ సొమాలీ ఆవిడ పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి కార్డిఫ్‌లోనే ఉంది, భర్త ఓడల్లో చేసేవాడు. ఇంగ్లీషు కార్డిఫ్ వాళ్లలాగే మాట్లాడుతుంది. పన్నెండేళ్లపాటు ప్రతి మధ్యాహ్నం ఇదే వరస అని చెప్పింది. “నిప్పు ఒక వంకమ్మా. వస్తుంది, కాసేపు నా దగ్గర కూచుంటుంది, పోతుంది. ఆ కరెంటు గిన్నె వచ్చాక రావటం మానేసింది” అంది. కూతురు వద్దందని తనూ పిలవలేదు. తలుపు మూసే ఉంచింది. అప్పటినుంచే బీబీ తెరిచిన తలుపు కోసం మెట్లు దిగి వీధిలోకి పోవడం మొదలుపెట్టింది. మంచులో పడిన రోజు కూడా చేతిలో సాసర్ ఉందట, పగిలిన ముక్కలు అంబులెన్స్ వాళ్లు ఏరి పక్కన పెట్టారు.

మేమందరం ఆవిడ మొంబాసాలో తిరుగుతోందనుకున్నాం. ఎంతో ముచ్చటపడ్డాం కూడా. ఆవిడ వెతుక్కుంటున్నది కార్డిఫ్‌లో, నాలుగో అంతస్తులో, ఎదురింటి తలుపుని. కూతురు వంటింటి గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. అమ్మ క్షేమం కోసమే కదా కొన్నాను అంది. నేను ఆమె చేయి పట్టుకుని, నేనూ క్షేమం కోసమే రాశానమ్మా అన్నాను. ఇద్దరం చేసింది ఒకే తప్పు. కాకపోతే నేను జీతం తీసుకుని చేశాను.

మీటింగ్ రోజు రానే వచ్చింది. కన్సల్టెంటు, అంటే వార్డు పెద్ద డాక్టరు, సోషల్ వర్కరు, సిస్టర్, మా మేనేజరు, కూతురు. కూతురు ఎదురింటావిడని కూడా తీసుకొచ్చింది. నా వంతు రాగానే, నేను రాసిన వాక్యం తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను అన్నాను.  ఇరవై ఏళ్లలో ఆ మాట నేను అనలేదు, ఇంకొకరు అనగా వినలేదు. చూసింది చూసినట్టు చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. కన్సల్టెంటు మంచివాడే, కానీ జాగ్రత్తపరుడు. అంటే నిప్పు నిజంగానే ఉందన్నమాట అన్నాడు. ఉంది, గోరంత అన్నాను. గోరంత నిప్పుకి ఫారంలో వేరే గడి లేదని మా మేనేజరు అంది.

అప్పుడు ఎదురింటావిడ, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా అంది. “ఆవిడ రానక్కర్లేదు. నిప్పు నేనే తీసుకెళ్తాను. ఆరిందాకా పక్కనే కూచుంటాను. నాకు వేరే పనేముంది.”

సోషల్ వర్కరు తల ఎత్తి ఆవిడ వంక చూసింది. ఆరువారాలు ప్రయత్నించి చూద్దాం అంది. కన్సల్టెంటు కలం మూత పెట్టి నన్ను అడిగాడు, రేపు ఏదైనా జరిగితే కాగితం మీద ఎవరి పేరుండాలి అని. నాదే అన్నాను. సంతకం పెట్టాను. రిటైర్మెంటుకి నాలుగైదేళ్లే ఉంది నాకు, ధైర్యవంతురాలినని చెప్పుకోను.

బీబీ ఇంటికి వెళ్లింది. ఆరువారాలు గడిచాయి, కాగితాలు మూసేశారు. ఇక్కడితో కథ అయిపోయిందని మీరు అనుకోవచ్చు, నాకు కాలేదు. ఆ తరువాత ఏడాదికి పైగా, మధ్యాహ్నం నాలుగయితే చాలు, నా చెవులు రోడ్డు మీదే ఉండేవి. ఫైరింజన్ సైరన్ వినబడితే రాస్తున్నది ఆగిపోయేది. ఆ చప్పుడు ఏ వైపు పోతోందో లెక్క కట్టేదాన్ని. రెండుసార్లు ఉండబట్టలేక ఏదో వంక పెట్టి కూతురికి ఫోను చేశాను. రెండుసార్లూ ఆమె, అమ్మ బాగుంది, ఎదురింటావిడతో పోట్లాడుతోంది అని చెప్పింది. ఇంట్లో మా ఆయన, నువ్వు ఆ ముసలావిడకి సంతకం పెట్టావా, నీకు నువ్వు శిక్ష రాసుకున్నావా అని ఎగతాళి చేసేవారు. నేను సరిచేసుకున్న తప్పు కంటే, ఆ సరిచేయడమే తప్పవుతుందేమోనన్న భయం పెద్దదని ఆయనకి చెప్పలేకపోయేదాన్ని.

మరుసటి ఏడాది వేసవిలో ఒక మధ్యాహ్నం వార్డు ఫోను మోగింది. సిస్టర్ నన్ను పిలిచింది. అవతల బీబీ కూతురు.

“అమ్మ పోయింది” అంది.

ఇలాంటప్పుడు ఏమనాలో మాకు ట్రెయినింగ్‌లో నేర్పిస్తారు, నేను నలుగురికి నేర్పించాను కూడా. అవేవీ నోటికి రాలేదు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, “నిప్పా?”

 జవాబు వచ్చేలోపు నేను ఫోను బల్ల అంచు ఎంత గట్టిగా పట్టుకున్నానో సిస్టర్ తరువాత చెప్పింది.

“కాదు” అంది కూతురు. “నిద్రలో. మా ఇంట్లోనే, తన మంచం మీద. ఎదురింటి ఆంటీ వచ్చి పక్కనే కూచుని ఉంది.”

నేను థాంక్యూ అన్నాను. ఒక చావు కబురు విని, కన్నతల్లిని పోగొట్టుకున్న మనిషితో, ఏడుస్తూ, రెండుసార్లు థాంక్యూ అన్నాను. ఆమె తప్పుగా అనుకోలేదు.